అటకమీది కర్ర



మా ఇంటికి మొదటిసారి వచ్చినవారు ఒక ప్రశ్న తప్పక అడుగుతారు. వంటగదిలో కట్టెలపొయ్యికి సరిగ్గా పైన, అటక దూలాలకు అడ్డముగా, అయిదున్నర అడుగుల కర్ర ఒకటి ఉన్నది. ఒక ప్రక్క బెరడు, మరొక ప్రక్క చీల్చిన చెక్క, రెండు కొసలకు కిటికీ తలుపులకు వేయగా మిగిలిన పచ్చరంగు. పొగకు నల్లబడి యున్నది. "అయ్యగారూ, దీన్నెందుకండి దాచారు? పొయ్యిలో పెట్టుకోకూడదా?" అంటారు. గ్యాసు బండ అయిపోయిన రోజున మా ఇంటి ఆమె కూడా ఒకటి రెండుసార్లు ఆ మాట అన్నది. అది విల్లు కర్ర. ఇంకా విల్లు కాలేదు. దాని సంగతి చెప్పవలెనంటే ముందు మా తప్పు ఒకటి ఒప్పుకొనవలెను.

2016 డిసెంబరులో మా సండే స్కూలు పిల్లలచేత యోనాతాను, దావీదుల స్నేహమును గూర్చిన నాటకము వేయించాము. మారేడుమిల్లికి పైన కొండల్లో ఉన్న చిన్న గ్రామము మాది. సంఘములో ఎక్కువమంది కొండరెడ్లు. యోనాతాను బాణములు వేసి, పొలములో దాగియున్న దావీదుకు సైగ చేసే ఘట్టము అందరికీ తెలిసినదే. దానికి విల్లు కావాలి. జాతరలో అమ్మే ప్లాస్టిక్ విల్లు తెస్తే సరిపోయేది. కాని మాకు నిజమైనది కావాలనిపించింది. బుధవారమునాడు మందిరము వెనుకనున్న సుబాబుల్ చెట్టునుండి తిన్నని కొమ్మ కొట్టి, బెరడు గీకి, మధ్యలో బొడిపెగా ఉన్న ముడిని కూరగాయల కత్తితో అందముగా చదును చేసి, నైలాను తాడు కట్టాము. ఇంత తేలికా అనుకున్నాము. శనివారము సాయంత్రము నాటకము.

యోనాతాను వేషము వేసినవాడు పన్నెండేళ్ళ పిల్లవాడు. మొదటి బాణము వేశాడు, అందరూ చప్పట్లు కొట్టారు. రెండవది కొంచెం దగ్గరలోనే పడింది. మూడవది దూరముగా పోవాలి, గట్టిగా లాగు అని మేమే తెర ప్రక్కనుండి సైగ చేశాము. టప్పుమని చప్పుడైనది. కర్ర రెండయింది. పై ముక్కలోనుండి ఒక పేడు లేచి వాని కనుబొమలోకి దిగినది. కంటికి పైన సరిగ్గా వేలెడు దూరము.

మోటారు సైకిలుమీద వానిని మధ్యలో కూర్చుండబెట్టుకొని ఘాటు రోడ్డు దిగాము. అయిదు కుట్లు పడినవి. అవి నోట్ల రద్దు రోజులు. మా జేబులో ఒకే ఒక రెండువేల నోటున్నది, దానికి చిల్లర ఇచ్చేవారు లేరు. మందుల కొట్టు ముందు, రక్తపు చొక్కాతో, ఆ నోటు పట్టుకొని నిలుచున్న ఆ అరగంట మాకు ఇప్పటికీ జ్ఞాపకమే.

పిల్లవాని తల్లి మమ్మును ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. మరుసటి ఆదివారము ఆమె ఆరాధనకు రాలేదు. క్రిస్మసుకు రాలేదు. స్త్రీలు కూర్చుండే వైపు కిటికీ ప్రక్కన ఆమె చాప వేసుకొనే చోటు ఖాళీగా ఉండిపోయినది. ప్రసంగము చేయుచున్నంతసేపు మా కన్ను అక్కడికే పోయేది.

క్రిస్మసు గడచిన మూడవ రోజున ఆమె తండ్రి వచ్చాడు. కూతురి ఇంట్లోనే ఉండేవాడు. డెబ్బై దాటిన మనిషి. ఊరంతా తాత అనే పిలిచేవారు, మేమునూ అంతే. కోప్పడుటకు వచ్చాడేమోనని లేచి నిలుచున్నాము.

"ఆ ముక్కలు పారేసావా అయ్యగోరూ?" అన్నాడు.

పారవేయలేదు. ఎందుకో చేతులు రాలేదు. తెచ్చి ఇచ్చాము. రెండు ముక్కలను విరిగినచోట దగ్గరగా పెట్టి, వెలుతురులోకి త్రిప్పి, బొటనవ్రేలితో తడుముతూ చాలాసేపు చూశాడు. డాక్టరు ఎక్స్‌రే చూచినట్లు చూశాడు.

"కర్ర తప్పేం లేదు. ముడిని కోసేసావు. ముడి సుట్టూ నార తిరిగి ఎల్తాది, ఏటి మధ్యన రాయి సుట్టూ నీళ్ళు తిరిగినట్టు. దాన్ని నువ్వు తెంపేసావు. ఇంక పచ్చి. ఎప్పుడు కొట్టావు?"

"బుధవారం, తాతా."

"ఏ బుధవారం?"

"ఆ బుధవారమే. శనివారానికి ముందుది."

తాత నవ్వాడు. మాకైతే భూమిలోకి పోవాలనిపించింది. విల్లుకు కొట్టిన కర్ర రెండు వానాకాలములు చూడవలెనట. "పుష్యమాసంలో రా, ఎల్దాం. ఆడికి కూడా ఓటి సెయ్యాల. లేపోతే ఆ బయం ఆడిలో ఉండిపోద్ది" అన్నాడు. ఆడు అంటే మనుమడే. కుట్లు విప్పినప్పటినుండి పిల్లవాడు కర్రబిళ్ళ ఆటకు కూడా పోవడం లేదని అప్పుడే తెలిసినది.

మన్యములో విల్లు ఎరుగని ఇల్లు ఒకప్పుడు లేదు. ఎక్కువగా వెదురు విండ్లు, నారి కూడా వెదురు బద్దే. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు వెంట చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల మీదికి పోయిన మన్యపు మనుష్యులకు చిన్ననాటినుండి తెలిసిన ఆయుధము అదే. తుపాకులు కావలసి ఆ ఠాణాలకు పోయారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చిన తరువాత వేట నేరమైనది. అది న్యాయమే. అయితే దానితోపాటు విల్లు చేసే చేతులు కూడా ఒక్కొక్కటిగా తగ్గిపోయినవి. మా గ్రామములో మిగిలినది తాత ఒక్కడే. వెదురు కాకుండా కట్టె విల్లు చేయుట తన తండ్రివద్ద నేర్చుకున్నానని చెప్పేవాడు.

2017 జనవరిలో, తెల్లవారుజామున మంచు ఇంకా దిగుతుండగా బయలుదేరాము. తాత, మేము, చేతిలో ఒక గొడ్డలి, గోనెసంచిలో నాలుగు కర్ర మేకులు, ఒక దారానికి కట్టిన రాయి. పిల్లవాని తల్లి గుమ్మములో నిలుచుండి వాడిని మాత్రము పంపలేదు. మేము రిజర్వు అడవిలో గొడ్డలి పెట్టలేదని కూడా ఇక్కడే చెప్పవలెను. తాత పోయినది తన పట్టా చేను గట్టుకు. ఆ గట్టున ఎప్పుడో నరికిన తడ చెట్ల మోళ్ళు ఉన్నవి, వాటినుండి లేచిన పిలకలు చిన్న తోపులాగా పెరిగినవి.

తడ చెట్టును కొన్నిచోట్ల చరచి అంటారు. హిందీవారు ధామన్ అంటారు. సంస్కృతములో దీనికి ధన్వనము అని పేరున్నది, ధనుస్సు అనే మాట అందులోనే వినబడుతుంది. ఆకు మొదలు ఒక ప్రక్క పెద్దది, ఒక ప్రక్క చిన్నది. కాయలు చిన్నవి, పిల్లలు తింటారు. బెరడు నారతో తాళ్ళు పేనుతారు. కట్టె బరువు, సాగుడు గుణము గలది. గొడ్డలి కాములకు, కావడి బద్దలకు మన రైతులు ఎప్పటినుండో వాడుతున్నదే. కావడి బద్ద రెండు బిందెల నీళ్ళకు వంగి, దింపగానే తిన్నగా లేస్తుంది గదా, విల్లు చేయవలసిన పని కూడా అదే.

చెట్లు చూడగానే మాకు అన్నీ తిన్నగానే కనబడినవి. తాతకు ఒక్కటీ నచ్చలేదు. ఒకదాని ముందు నిలిచి, రాయి కట్టిన దారాన్ని చేయెత్తి వ్రేలాడదీశాడు. దారము ప్రక్కన చూస్తే, తిన్ననిదనుకున్న మాను పాములా ఉన్నది. మరొకటి దారముతో సమానముగా ఉన్నది. తాత బెరడు మీది పగుళ్ళను వ్రేలితో వెంబడించాడు. పగుళ్ళు నిలువుగా పోక మాను చుట్టూ మెలిక తిరుగుతూ పైకి పోయినవి. పైకి చూస్తే తిన్ననిదే, లోపల నార తాడులా పురి తిరిగి ఉన్నది. అటువంటిదానిని చీలిస్తే బద్ద ఫ్యాను రెక్కలా వస్తుందన్నాడు. వాలుగా పెరిగినదాని దగ్గర నిలవనేలేదు. "ఒక పక్క బిగదీసుకొని పెరిగింది. ఎండేక దాని ఇట్టం వచ్చినట్టు వంగుద్ది." గట్టు వారగా, ఏటవాలున పెరిగినవాటికి మొదట్లో వంపు ఉంటుంది, అవీ పనికిరావు.

మాకు ఒక సందేహము కలిగినది. బయట ఎండలో ఒంటరిగా, బలముగా పెరిగిన చెట్టు ఉన్నది గదా, అది ఎందుకు కాదు? దానికి క్రిందినుండే కొమ్మలు. ప్రతి కొమ్మ ఒక ముడి. తోపు మధ్యన పెరిగినది వేరు, దానికి నాలుగు ప్రక్కల నీడ. వెలుతురు పైన మాత్రమే ఉన్నది. కాబట్టి ప్రక్క చూపు లేకుండా పైకి పోతుంది, క్రింది కొమ్మలు చిన్నప్పుడే ఎండి రాలిపోతాయి. (ఇందులో ప్రసంగము ఒకటి దాగియున్నదని పాఠకులు గ్రహించే ఉంటారు. మేము అప్పుడే గ్రహించి జేబు పుస్తకములో వ్రాసుకున్నాము. ఇంతవరకు ఆ ప్రసంగము చేయలేదు.)

ఎనిమిదవదో తొమ్మిదవదో ఆయనకు నచ్చినది. అయిదు అంగుళముల మందము, నేలనుండి ఆరడుగుల ఎత్తువరకు ఒక్క ముడి లేదు. తాత తలపాగా విప్పి, మాను మీద అరచేయి ఆనించి, కన్నులు మూసుకొని నిలుచున్నాడు. మాకు మనస్సులో కలత కలిగినది. బాప్తిస్మము పొంది ముప్పై ఏళ్ళయిన మనిషి, చెట్టుకు మ్రొక్కుచున్నాడా? కాపరి ఎదుటనే? కొంచెంసేపు ఓర్చుకొని అడిగేశాము.

"ఉష్, మాటాడకు" అన్నాడు. చెవి కూడా మానుకు ఆనించాడు. గొడ్డలి వెనుక భాగముతో రెండు దెబ్బలు కొట్టి, మళ్ళీ విన్నాడు. "లోపల తొలిచే పురుగు ఉంటే బోలుగా మోగుద్ది. లేదు. మంచిది."

మేము మారుమాట ఆడలేదు.

పుష్యములోనే ఎందుకని అడిగితే, ఆకు రాలే ముందర చెట్టులో నీరు తగ్గుతుందన్నాడు. అమావాస్య దగ్గరపడినప్పుడు కొట్టాలని, వెన్నెలలో కొడితే పుప్పి పడుతుందని కూడా అన్నాడు. వెన్నెల లెక్క మాకు నమ్మకము లేదు. అయితే పుప్పి పురుగు చెక్కలోని పిండి పదార్థము కోసమే వస్తుందని, అందుకే తెల్లచెక్కను, వెదురును ముందు తింటుందని మేము చదివియున్నాము. ఏ కాలములో చెట్టు తన ఆహారమును ఎక్కడ దాచుకొంటుందో అన్నదానిలో ఆ పెద్దల మాటకు మూలము ఉండవచ్చు.

నేలకు జానెడు పైన, నీరు నిలవకుండా ఏటవాలుగా నరికాడు. "మోడును బాగా ఉంచితే మళ్ళీ పిలకలేస్తాది" అన్నాడు. మాను పడేటప్పుడు చివర మేము పట్టుకోవాలి. దభీమని పడితే కంటికి కనబడని నెర్రె లోపల పుడుతుందట.

రంపముతో కోయిద్దామా అన్నాము, మండపేటలో కోత మిల్లు ఉన్నది గదా అని. "రంపానికి నార తెలీదు" అన్నాడు తాత. రంపము తిన్నగా పోతుంది, నార తన దారిన పోతుంది. రెండూ కలియనిచోట నార తెగుతుంది. తెగిన ప్రతిచోట, విల్లు లాగినప్పుడు ఒక పేడు లేచుటకు సిద్ధముగా ఉంటుంది. మేకుతో చీలిస్తే చీలిక నారనే వెంబడిస్తుంది. మొదట సన్నని కొసలో గొడ్డలితో నెర్రె తెరిచి, అందులో కర్ర మేకు దిగగొట్టాడు. నెర్రె జానెడు ముందుకు పోయినది. దాని కొసన మరొక మేకు. అది బిగిసేసరికి వెనుక మేకు వదులై రాలిపోయేది. దానిని తీసి మళ్ళీ ముందు కొట్టేవాడు. కర్ర చిటచిటమని చప్పుడు చేస్తూ, ఎవరో లోపలినుండి త్రోసినట్లుగా, రెండుగా విచ్చుకున్నది. తడి వాసన వచ్చినది. అంచున తెల్లచెక్క, నడుమ ముదురు గోధుమరంగు చేవ. చేవగలవాడు అని మనము ఊరకనే అంటూ ఉంటాము, చేవను అంత దగ్గరగా చూచినది మేము ఆనాడే.

రెండు బద్దలు నాలుగయినవి. ఒకటి మెలిక తిరిగినది, దానిని గొడ్డలి కాముకు ప్రక్కన పెట్టాడు. మూడు మిగిలినవి.

అప్పుడు ఒక బద్దను చేతిలోకి తీసుకొని విల్లుకు వీపు ఏది, పొట్ట ఏది చూపించాడు. బెరడు వైపు వీపు, అది గురి వైపు ఉంటుంది. చేవ వైపు పొట్ట, అది విలుకానివైపు. లాగినప్పుడు వీపు సాగుతుంది, పొట్ట నొక్కుకొంటుంది. చెక్కుడంతా పొట్ట వైపే. వీపు మీద నార ఒక్కటి కూడా తెగకూడదు, ముడి ఉంటే దాని చుట్టూ గుట్టలాగా వదిలేయవలెను. మేము సుబాబుల్ కొమ్మను అందముగా చదును చేసినది సరిగ్గా వీపునే.

ఇది మన కొండలవారి మాట మాత్రమే కాదు. ఇంగ్లాండువారు యూ అనే చెట్టుతో చేసే పెద్ద విండ్లకు కూడా తెల్లచెక్క వీపు, చేవ పొట్ట. దేశములో తగిన కర్రలు చాలక, 1472లో ఒక చట్టము చేసి, ఓడలో సరుకు తెచ్చే పరదేశపు వర్తకులు టన్నుకు నాలుగు విల్లు కర్రలు కూడా తెచ్చి తీరాలన్నారు. 1545లో మునిగిపోయిన మేరీ రోజ్ అనే యుద్ధనౌకను 1982లో సముద్రమునుండి పైకి లేపారు, అందులో 170కి పైగా విండ్లు దొరికినవి. రాజులు చట్టముతో తెప్పించుకొన్నదానిని తాత దారానికి కట్టిన రాయితో వెదికాడు.

కర్రలు మోసుకొని ఇంటికి వచ్చేసరికి పిల్లవాని తల్లి గుమ్మానికి అడ్డముగా నిలుచున్నది. "ఆ కర్ర నా ఇంట్లోకి రాకూడదు నాన్నా" అన్నది. తాత ఏమీ అనలేదు. మావైపు తిరిగాడు. ఆ విధముగా అవి మా వంటగది అటకమీదికి వచ్చినవి.

కొసలకు పేడ, మట్టి కలిపి మెత్తాము. కర్రలోని నీరు కొసలనుండి త్వరగా పోతుంది, మధ్యనుండి నెమ్మదిగా. కొస ముందు ఎండి కుంచించుకొంటే బీటలు వారుతుంది. పేడ రాలిపోతూ ఉండగా తరువాత మేము తలుపుల రంగు పూశాము. తాత వచ్చి చూచి, ఇదే బాగుందన్నాడు. బెరడు తీయలేదు. అటకమీద పొగకు పురుగు చేరదు.

ఎండినది లేనిది ఎట్లు తెలుస్తుంది? తాత గోటితో కొట్టి వినేవాడు. పచ్చి కర్ర మూగది, ఎండినది కంచు పళ్ళెములా పలుకుతుంది. మా చెవికి ఆ తేడా అందలేదు. కాబట్టి కిరాణా కొట్టు కాటాలో తూచి, తలుపు వెనుక సుద్దముక్కతో వ్రాసేవారము. మొదటి కర్ర 2017 జనవరిలో 5 కిలోల 200 గ్రాములు. ఏప్రిల్లో 4 కిలోల 300. ఆగస్టులో 4 కిలోల 400! పెరిగినది చూచి కాటా తప్పనుకున్నాము. తప్పు కాదు. వానాకాలపు గాలిలోని తడిని కర్ర మళ్ళీ త్రాగుతుంది. విల్లు ఎండాకాలములోనే చెక్కాలని తాత అన్నది ఇందుకే. తడి ఉండగా వంచితే పొట్టవైపు చెక్క నలిగిపోయి మళ్ళీ తిన్నగా లేవదు. విరగకపోయినా, బలము చచ్చి, నడుము వంగినదై ఉండిపోతుంది.

ఇంత తెలిసి కూడా మేము మరల తొందరపడ్డాము. తాతకు దగ్గు ఎక్కువైనది. ఆయన చేతులమీదుగా విల్లు తయారైతే బాగుండుననే ఆశతో, 2018 ఏప్రిల్లో ఒక కర్రను దింపి, ఎవరికీ చెప్పకుండా డాబామీద ఎండలో పెట్టాము. నాలుగు రోజులు. అయిదవ రోజు ప్రొద్దున్న చూస్తే వీపు మీద కొసనుండి కొసకు బీట, అందులో అణా కాసు నిలబెట్టవచ్చును. ఆ కర్రను తాతకు చూపించవలసి వచ్చినది. ఆయన బీటలో గోరు పెట్టి చూచి, "కాముకి పనికొస్తాది" అన్నాడు. కాసేపు ఆగి, "నా కోసం తొందర పడకు అయ్యగోరూ" అన్నాడు. మేము చెప్పకుండానే ఆయనకు తెలిసినది.

ఆగస్టులో, వానలు విడువకుండా పడుచున్న వారములో, తాత ప్రభువునందు నిద్రించాడు. సమాధి కూడికకు కూతురు వచ్చినది, రెండేళ్ళకు దగ్గరగా ఆ మందిరములో అడుగుపెట్టలేదు. కిటికీ ప్రక్కన కాదు, వెనుక తలుపు దగ్గర కూర్చున్నది. అటకమీద రెండు కర్రలు. తలుపు వెనుక ఆ నెల తూకము 4 కిలోలు.

1991లో ఆల్ప్స్ కొండల మంచులో అయిదువేల ఏండ్లకు పూర్వపు మనిషి దేహము ఒకటి దొరికిన సంగతి పాఠకులు వినే ఉంటారు. ఆయన దగ్గర ఆరడుగుల యూ కర్ర విల్లు ఉన్నది. పూర్తి కాలేదు. చెక్కిన దెబ్బలు కూడా దానిమీద ఇంకా కనబడుతున్నవి. ఆ ఫోటో మేము తాత పోయిన తరువాతనే చూచాము.

2019 మే నెలలో పిల్లవాడు హాస్టలు సెలవులకు వచ్చాడు. అప్పటికి పదిహేనేళ్ళు. కనుబొమలో వెంట్రుకలు మొలవని గీత ఒకటి. తనంతట తానే వచ్చి, "అయ్యగారూ, తూచారా?" అన్నాడు. తాత చివరి నెలల్లో వానికి అన్నీ చెప్పి పోయాడని అప్పుడు తెలిసినది. మేము జేబు పుస్తకములో వ్రాసుకున్నదానికంటె వాని నోట ఎక్కువ ఉన్నది. తూచాము. 3 కిలోల 850. పై సంవత్సరము మే నెల తూకానికి యాభై గ్రాముల తేడా. "ఎండింది" అన్నాడు. గోటితో కొట్టి నవ్వాడు.

పదకొండు రోజులు చెక్కాము. బాడిసతో మొదలు, తరువాత కత్తి, చివర సీసా పెంకుతో గీకుడు. బెరడు తీసి, వీపును వ్రేలితో తడుముకొనుట తప్ప దానిమీద ఇనుము తగలనీయలేదు. గోడకు మేకు కొట్టి విల్లు నడుమును దానికి ఆనించి, నారిని కొంచెం కొంచెముగా లాగుతూ, ఏ రెక్క తక్కువ వంగుచున్నదో దూరమునుండి చూచి, బిరుసుగా ఉన్నచోట పొట్టను గీకాలి. ఎక్కువ గీకితే మరల అంటించుటకు వీలులేదు. ఒక ప్రక్క గీకితే మరొక ప్రక్క బిరుసవుతుంది. మేము గీకుదాము అన్నచోటెల్లా వాడు వద్దన్నాడు. నాలుగుసార్లలో మూడుసార్లు వాని మాటే సరియైనది.

పండ్రెండవ రోజు సాయంత్రము చేనులో గడ్డిమోపు నిలబెట్టాము. తల్లి వచ్చి గట్టుమీద నిలుచున్నది. పిలవలేదు, తానే వచ్చినది. వాడు బాణము సంధించి లాగుచుండగా ఆమె మొగము ప్రక్కకు త్రిప్పుకున్నది. మేమైతే కన్నులు మూసుకున్నాము, సిగ్గు విడిచి చెప్పుచున్నాము. బాణము పోయిన చప్పుడు వినబడినది, మరే చప్పుడూ లేదు. గడ్డిమోపుకు రెండు బారలు ఎడమగా పోయి మట్టిలో గుచ్చుకున్నది.

"తగల్లేదుగా" అన్నది తల్లి. కొంచెము ఆగి, "ఇంకోటెయ్యి" అన్నది.

ఆ తరువాత వాడు బడిలో విలువిద్య ఆటలో చేరాడు. ఇండియన్ రౌండ్ అని ముప్పై, యాభై మీటర్ల దూరములో కర్ర విల్లుతో ఆడే పద్ధతి ఒకటున్నది, గురి చూపే పరికరము ఉండదు. అడవిలో వెదురు విల్లుతో పెరిగిన రాజస్థాన్ గిరిజనుడు లింబా రామ్ 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో ఆడాడు గదా, ఆయన ఫోటో వాని పెట్టెలో అంటించి ఉండేది. మావాడు జిల్లా స్థాయిలోనే ఓడిపోయాడు. పోటీకి మన విల్లు పనికిరాలేదు కూడా, కొన్నదే వాడవలెను. ఆ సంగతి వాడు చెప్పినప్పుడు మేము చిన్నబోయినంతగా వాడు చిన్నబోలేదు.

తడ విల్లు వాని ఇంట్లోనే, తల్లి గదిలో, నారి విప్పి గోడకు అడ్డముగా రెండు మేకులమీద పెట్టబడి ఉన్నది. వాడనప్పుడు నారి విప్పి ఉంచాలి. ఆ పని ఆమే చూచుకొంటుంది.

మిగిలిన కర్ర ఎవరిదో ఇంకా తేలలేదు. ఈ జనవరిలో వాడు ఉద్యోగమునుండి సెలవుమీద వచ్చి, "మోడు చూసొద్దామండి" అన్నాడు. ఇద్దరమూ ఆ గట్టుకు పోయాము. తాత ఏటవాలుగా నరికిన మోడునుండి ఏడు పిలకలు లేచినవి, రెండు మా తలలు దాటి చాలా ఎత్తుకు పోయినవి. మాకు రెండూ తిన్ననివిగానే కనబడినవి. వాడు జేబులోనుండి దారానికి కట్టిన రాయి తీసి వ్రేలాడదీశాడు. ఒకదానిని వదిలేశాడు. రెండవదాని చుట్టూ తిరిగి, పగుళ్ళమీద వ్రేలు నడిపించి, రెండు చేతులతో మందము కొలిచాడు.

"బాగుందండి. ఇంకో మూడేళ్ళు పెరగాలి" అన్నాడు.

దాని మొదట్లో అల్లుకొంటున్న తీగను లాగి పారవేసి, ఉత్త చేతులతో ఇంటికి వచ్చాము.